రంగులకు పేరు పెట్టే హక్కు ఎవరిది?

ఒక మనిషి కొత్త భాష ఒకటి కల్పించాలని కూర్చున్నాడనుకుందాం. ఇంతవరకు ఎవరూ మాట్లాడని భాష. దానికి తాతముత్తాతలు లేరు, పాటలు లేవు, ఊరు లేదు. అమ్మ, నీళ్లు, నిప్పు, నడక అంటూ ఒక్కొక్క పదమే కూర్చుకుంటూ పోతాడు. రంగుల దగ్గరకు వచ్చేసరికి చెయ్యి ఆగుతుంది. ఎన్ని పెట్టాలి? మూడా, అయిదా, పదకొండా? ఆకుకూ ఆకాశానికీ కలిపి ఒకే పేరు చాలా? నెత్తురుకూ పండిన మిరపకాయకూ వేరు వేరు పేర్లు కావాలా?

ఇది తీరిక ఉన్నవాళ్ల ఆట అనిపించవచ్చు. కానీ మన పిల్లల కోసం మన భాషల్లో వాచకం రాసేవారికి, పదకోశం కూర్చేవారికి, బడి గోడకు రంగుల చార్టు గీసేవారికి ఇదే ప్రశ్న ఎదురవుతుంది. తేడా ఒక్కటే. కల్పిత భాషలో పొరపాటు జరిగితే దాన్ని కల్పించినవాడు కొట్టేసి మళ్లీ రాసుకుంటాడు. మన భాషలో పొరపాటు జరిగితే ఒక తరం పిల్లలు దాన్ని మోస్తారు. అందుకే కల్పిత భాషల వాళ్లు ఏం చేశారో చూసి, అక్కడినుంచి మన దగ్గరకు వద్దాం.

కల్పిత భాషల్లో అందరికంటే ఎక్కువ పేరున్నది ఎస్పెరాంటో. దాన్ని చేసినవాడు ఎల్.ఎల్. జామెన్‌హాఫ్, వృత్తిరీత్యా కంటి వైద్యుడు. 1887లో వార్సాలో దాని మొదటి పుస్తకం వేశాడు. రష్యన్, పోలిష్, జర్మన్, యిద్దిష్ మాట్లాడేవాళ్లు ఒకరినొకరు అనుమానంగా చూసుకునే ఊళ్లో పెరిగాడు. అందరికీ ఉమ్మడిగా ఒక రెండో భాష ఉంటే ఈ పగలు తగ్గుతాయని ఆశపడ్డాడు. ఆయనకు బాగా వచ్చిన రష్యన్‌లో ముదురు నీలానికి 'సీనియ్', లేత నీలానికి 'గలుబోయ్' అని రెండు విడి పేర్లున్నాయి. రష్యన్ వాళ్లకు అవి రెండు రంగులు. ఎస్పెరాంటోలో మాత్రం నీలానికి 'బ్లూవా' అని ఒకటే ఉంది. లేత నీలం అనాలంటే దానికే ముందు ఒక ముక్క తగిలించాలి. అంటే తనకు తెలిసిన ఒక తేడాను ఆయన వదిలేశాడు. లోకమంతటి కోసం చేసిన భాషలో రంగుల గీతలు మాత్రం పశ్చిమ ఐరోపా గీసుకున్నవే మిగిలాయి.

రెండోది తోకి పోనా. కెనడాకు చెందిన సోన్యా లాంగ్ 2001లో దీన్ని బయటపెట్టింది. ఆమె పట్టుదల వేరు. మొత్తం భాష సుమారు 120 పదాల్లో సరిపోవాలి. తక్కువ మాటలతో ఆలోచన తేటపడుతుందా అని చూడాలి. రంగులకు అయిదు పదాలు పెట్టింది. తెలుపుకు, వెలుగుకు 'వాలో'. నలుపుకు, చీకటికి 'పిమేయా'. ఎరుపుకు 'లోయే', పసుపుకు 'యేలో'. ఆకుపచ్చకూ నీలానికీ కలిపి 'లాసో'. విడదీసి చెప్పాల్సిన అవసరం వస్తే మొక్క లాసో, ఆకాశం లాసో అని చెప్పుకుంటారు. అవసరం రాకపోతే ఊరికే లాసో.

మూడోది క్లింగాన్. 'స్టార్ ట్రెక్' సినిమాల్లో వేరే గ్రహం మనుషులు మాట్లాడటానికి మార్క్ ఓక్రాండ్ అనే భాషాశాస్త్రవేత్త కల్పించాడు. నిఘంటువు 1985లో వచ్చింది. అందులో రంగుల మాటలు క్రియలు. 'ఎర్రగా ఉండు', 'నల్లగా ఉండు' అన్నట్టు ఉంటాయి. ఎరుపూ నారింజా ఒకే మాటలో ఇముడుతాయి. ఆకుపచ్చ, నీలం, పసుపు మూడూ ఇంకో మాటలో ఇముడుతాయి. ఇంగ్లీషు వాడికి వింతగా ఉండాలని చేసిన భాష అది. మనకు అంత వింత అనిపించదు. ఆకాశం తెల్లబడితే తెలుగులో 'తెల్లవారింది' అంటారు. అక్కడ రంగు ఒక పని, ఒక జరుగుబాటు.

ముగ్గురూ మూడు రకాలుగా గీతలు గీశారు. ఏది సరైనది? వెలుగును అడిగితే జవాబు రాదు. ఇంద్రధనుస్సులో ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడా తెగకుండా జారిపోతుంది. బడిలో విబ్జియార్ అని బట్టీ పట్టిన ఏడు రంగుల వెనక కూడా ఒక మనిషి నిర్ణయం ఉంది. ఐజాక్ న్యూటన్ మొదట అయిదు ముఖ్యమైన రంగులే చెప్పాడు. తర్వాత నారింజ, ఇండిగో చేర్చి ఏడు చేశాడు. సంగీతంలో ఏడు స్వరాలున్నట్టే వెలుగులోనూ ఏడు మెట్లుండాలని ఆయనకు తోచింది. ఆ ఏడు ఇవాళ ప్రపంచంలోని ప్రతి బడి గోడ మీదా ఉన్నాయి. గీతలు ఎక్కడ పడాలో మనుషులే తేల్చుకున్నారు, తేల్చినవాళ్లను బట్టి లెక్క మారింది.

ఇంతవరకు బాధ లేదు. ఒకరి గీతలతో ఇంకొకరి భాషను కొలవడం మొదలైనప్పుడు బాధ మొదలవుతుంది. ఆ కొలతకు పెద్ద చరిత్రే ఉంది.

1858లో విలియం గ్లాడ్‌స్టన్, తర్వాతి కాలంలో బ్రిటన్ ప్రధాని అయిన మనిషి, ప్రాచీన గ్రీకు కవి హోమర్ మీద పెద్ద గ్రంథం రాశాడు. హోమర్ కావ్యాల్లో రంగుల మాటలు తక్కువ, నీలం దాదాపు లేదు, సముద్రాన్ని ద్రాక్షసారాతో పోల్చాడు అని గమనించాడు. గమనిక మంచిదే. దాని నుంచి ఆయన చేరిన చోటు మాత్రం వేరు. ఆనాటి గ్రీకులకు రంగుల గ్రహింపు ఇంకా పూర్తిగా వికసించలేదన్నాడు. 1877లో హ్యూగో మాగ్నస్ అనే జర్మన్ కంటి వైద్యుడు దీన్ని ఇంకా ముందుకు లాగి, మనిషి కన్నే మెల్లమెల్లగా రంగులు చూడటం నేర్చుకుందన్నాడు. 1898లో డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ ఆస్ట్రేలియాకు, న్యూగినియాకు మధ్య ఉన్న టోరెస్ జలసంధి దీవులకు వెళ్లి అక్కడివాళ్లకు పరీక్షలు పెట్టాడు. వాళ్ల భాషలో నీలానికి గట్టి పదం లేకపోవడం చూసి, వాళ్ల కంటికి నీలం కొంత తక్కువ అందుతుందన్న వైపు మొగ్గాడు. ఆయనే 1901-02లో నీలగిరులకు వచ్చి తోడా ప్రజల చూపును కూడా పరీక్షించాడు. అలా పదాల లెక్క కాస్తా చూపు లెక్క అయింది, చూపు లెక్క జాతి లెక్క అయింది.

1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే ఇద్దరు అమెరికన్ పండితులు 98 భాషల రంగుల మాటలు పోల్చి పుస్తకం వేశారు. వాళ్ల ఉద్దేశం ఎవరినీ తక్కువ చేయడం కాదు. మనుషులందరి కన్నూ ఒకటే, అందుకే భాషలన్నీ ఇంచుమించు ఒకే వరుసలో రంగులకు పేర్లు పెట్టుకుంటాయి అన్నారు. మొదట నలుపు తెలుపులు, తర్వాత ఎరుపు, తర్వాత పసుపు ఆకుపచ్చల్లో ఏదో ఒకటి, ఆపైన రెండోది, తర్వాత నీలం, గోధుమరంగు, చివరికి మిగతావి. మొత్తం పదకొండు. ఆ వరుసను ఆ పండితులే తర్వాత చాలాసార్లు సవరించుకున్నారు. అయినా నిచ్చెన అన్నాక పై మెట్టూ కింది మెట్టూ వచ్చేస్తాయి. పదకొండు పదాలతో ఇంగ్లీషు పై మెట్టు మీద నిలబడింది. రెండు మూడు పదాలున్న భాషలు, ఎక్కువగా అడవుల్లో, కొండల్లో, దీవుల్లో ఉండేవాళ్ల భాషలు, కింద ఉండిపోయాయి.

పదం లేకపోతే చూపు లేనట్టేనా? దీనికి జవాబు తెలుగులోనే ఉంది. తెలుగులో 'పచ్చ' అంటే పచ్చ గడ్డీ పచ్చే, పచ్చ కామెర్లూ పచ్చే. ఒకటి ఆకు రంగు, ఇంకొకటి పసుపు రంగు. విడదీయాల్సి వచ్చినప్పుడు ఆకుపచ్చ, పసుపుపచ్చ అంటారు. అంతమాత్రాన తెలుగువాళ్లకు పసుపుకొమ్మూ తమలపాకూ ఒకేలా కనిపిస్తాయని ఎవరైనా అంటే నవ్వుతాం. అదే మాట ఒక కొండ భాష గురించి, ఒక దీవి భాష గురించి అంటే మాత్రం శాస్త్రమని అచ్చువేశారు. న్యూగినియాలో దాని అనే ప్రజలకు రంగుల విషయంలో ముఖ్యంగా రెండే మాటలు. చీకటి, చల్లని రంగులకు ఒకటి, వెలుగు, వేడి రంగులకు ఒకటి. ఎలినార్ రాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వాళ్లతో 1970ల మొదట్లో పని చేసింది. రెండే మాటలున్నా వాళ్లు రంగుల తేడాలు గుర్తుపెట్టుకోగలరని, కొత్త రంగుల పేర్లు చెబితే నేర్చుకోగలరని చూపింది.

అలాగని పదాలకు ఏ బలమూ లేదనడం కూడా నిజం కాదు. రెండు నీలాలకు రెండు పేర్లున్న రష్యన్ వాళ్లు ఆ గీతకు ఇటూ అటూ ఉన్న నీలాలను కాస్త వేగంగా విడదీస్తారని 2007లో అచ్చయిన ఒక పరీక్ష చెప్పింది. పాపువా న్యూగినియాలోని బెరిన్మో ప్రజల భాషలో ఆకుపచ్చకూ నీలానికీ మధ్య గీత లేదు. ఆ గీత ఇంకోచోట ఉంది. వాళ్లు తమ గీత దగ్గర చురుగ్గా ఉన్నారు, ఇంగ్లీషు గీత దగ్గర లేరు. ఇంగ్లీషు వాళ్లు దానికి సరిగ్గా తలకిందులు. అంటే పదం కంటికి చూపు ఇవ్వదు. చూపు ఎక్కడ ఆగి నిలబడాలో అలవాటు చేస్తుంది. ఇదే ఈ వ్యాసంలో నీతి ప్రశ్నకు మూలం. రంగులకు పదాలు పెట్టేవాడు ఇతరులు దేన్ని గమనించాలో, దేన్ని దాటిపోవచ్చో ముందే తేలుస్తున్నాడు.

ఇప్పుడు ఫిలిప్పీన్స్‌లోని మిండోరో దీవికి వెళ్దాం. అక్కడి హనునో ప్రజలు మనలాగే కొండవాలుల్లో పోడు చేసుకునేవాళ్లు. వెదురు మీద కత్తి మొనతో చెక్కే సొంత లిపి ఉన్నవాళ్లు. హెరాల్డ్ కాంక్లిన్ అనే మానవ శాస్త్రవేత్త చాలాకాలం వాళ్ల మధ్య ఉండి, 1955లో వాళ్ల రంగుల మాటల గురించి రాశాడు. 'రంగు' అన్న మాటకు సరిగ్గా సరిపోయే మాటే వాళ్ల భాషలో ఆయనకు దొరకలేదు. చూడటానికి ఎలా ఉంది అని అడగాలి. పై స్థాయిలో నాలుగు మాటలున్నాయి. మబీరు, మలగ్తి, మరరా, మలతూయ్. పైపైన చూస్తే నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ అని రాసేసుకుని నిచ్చెన మీద ఒక మెట్టు చూపించవచ్చు. కాంక్లిన్ అలా చేయలేదు. అప్పుడే నరికిన వెదురు ముక్క తడిగా, నిగనిగలాడుతూ గోధుమరంగులో ఉంటుంది. దాన్ని వాళ్లు ఎరుపు వైపు మాట అయిన మరరా అనరు, మలతూయ్ అంటారు. ఎందుకంటే మలతూయ్‌లో తడి, పచ్చిదనం, ప్రాణం ఉన్నాయి. మరరాలో ఎండిపోవడం ఉంది. వాళ్ల గీత వెలుగులో లేదు, మొక్క బతుకులో ఉంది. రంగు చీటీలు పట్టుకుని వెళ్లినవాడికి ఈ సంగతి ఎప్పటికీ కనపడదు. ఎందుకంటే ఏ చీటీ తడిగా ఉండదు, ఏ చీటీ ఎండిపోదు.

తెలుగులో పచ్చ, పచ్చి, పసరు, పసుపు ఒకే కుదురు నుంచి వచ్చిన మాటలు. అప్పుడే నరికిన కట్టె బెరడు గోధుమరంగులో ఉన్నా అది పచ్చి కట్టే. పొయ్యిలో పెడితే మండదని అమ్మకు తెలుసు. హనునో వాళ్ల మాట మనకు అంత దూరం కాదన్నమాట. నిచ్చెన మీద పెట్టి చూస్తే ఇది లోటులా కనిపిస్తుంది. పొయ్యి దగ్గర నిలబడి చూస్తే ఎంతో అవసరమైన తెలివి.

ఇక మన దగ్గరకు వద్దాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాతృభాషా ఆధారిత బహుభాషా విద్య కింద ఎనిమిది భాషల్లో చదువు మొదలైంది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా. తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. అవి ఎంతవరకు నిలిచాయన్నది వేరే చర్చ. ఆ పని చేసినవారికైనా, ఇవాళ సొంతంగా పదకోశాలు, బొమ్మల పుస్తకాలు తయారు చేసుకుంటున్న యువతకైనా రంగుల పుట దగ్గర ఒక ఉచ్చు ఉంది. చార్టులో గడులు ముందే గీసి ఉంటాయి. ఎరుపు, నీలం, నారింజ, ఊదా, గులాబి అని తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసి ఉంటుంది. పక్కన 'మీ భాషలో' అని ఖాళీ గడి. కొన్ని గడులు నిండుతాయి, కొన్ని నిండవు. నిండని గడిని పిల్ల చూసినప్పుడు, చార్టు సరిగా అడగలేదని అనుకోదు. మా భాషలో లేదు అనుకుంటుంది. తర్వాత మా భాష తక్కువ అనుకుంటుంది. గ్లాడ్‌స్టన్‌ను ఎన్నడూ చదవకుండానే ఆయన చేరిన చోటికే చేరుతుంది.

ఇక్కడ చదువుకున్నవాళ్లకు రెండు ఆశలు కలుగుతాయి. మొదటిది, పరువు కోసం గడులన్నీ నింపేయడం. గదిలో ఇద్దరు ముగ్గురం కూర్చుని తెలుగు మాటకు ఒక తోక తగిలించో, పక్క భాష నుంచి తెచ్చో పదకొండు పూర్తి చేస్తాం. అప్పుడు మనం చేసింది కల్పిత భాష పని. తోకి పోనా కర్తకు ఆ స్వేచ్ఛ ఉంది. ఆమె ఎవరి నోటి మాటనూ పక్కకు నెట్టలేదు. మనం నెట్టినవి మాత్రం మన అవ్వల మాటలు. రెండోది దీనికి ఎదురు ఆశ. మన భాషలో ఉన్నవే ఉండాలి, కొత్తది ఒక్కటీ రాకూడదు, కలిస్తే మైలపడుతుంది అనడం. ఇది భాషను అద్దాల పెట్టెలో పెట్టడం. మన పిల్ల పెయింటు దుకాణంలో పని చేయాలన్నా, సిగ్నల్ దగ్గర బండి ఆపాలన్నా, రసాయన శాస్త్రం పరీక్షలో ద్రావణం రంగు రాయాలన్నా ఆమెకు మాటలు కావాలి. ఆ అవసరాన్ని కాదనే హక్కు మనకు లేదు.

ఈ రెండింటి మధ్య దారి ఉందని నా నమ్మకం. పదం కల్పించేవాడి స్వేచ్ఛ ఆ పదంతో బతకాల్సినవాళ్ల సంఖ్యను బట్టి తగ్గుతూ పోతుంది. ఒంటరిగా భాష కల్పించుకునేవాడు రాజు. వంద ఇళ్ల భాషలో పదం పెట్టేవాడు ఆ వంద ఇళ్లకు జవాబుదారీ. కొత్త మాట కూర్చడం తప్పు కాదు. ఎవరినీ అడగకుండా కూర్చడం తప్పు.

కల్పన మన ప్రజలకు కొత్తేమీ కాదు. రఘునాథ్ ముర్ము 1925లో సంతాలీకి ఓల్ చికి లిపిని తయారు చేశాడు. మంగేయి గొమాంగో 1936లో సవర భాషకు సొరాంగ్ సొంపెంగ్ లిపిని చేశాడు. వాళ్లు కల్పించారు. తమవాళ్ల నోట పలికే ధ్వనులు విని, తమవాళ్ల కోసం కల్పించారు. అందువల్లే అవి మనవి అయ్యాయి.

రంగుల పుట తయారు చేసే ఉపాధ్యాయులకు, యువతకు అందుకే కొన్ని పనులు చెప్పాలనిపిస్తుంది. మొదట చార్టు ఇంట్లో పెట్టి బయలుదేరండి. దీని రంగేమిటి అని అడిగే ముందు ఇది చూడటానికి ఎలా ఉంది అని అడగండి. అప్పుడే రాలిన ఇప్పపువ్వును చూపించి అడగండి, ఎండిన ఇప్పపువ్వును చూపించి అడగండి. పొట్ట మీద ఉన్న జొన్నను, కోతకొచ్చిన జొన్నను అడగండి. మేకలు కాసేవాళ్లను మేకల ఒంటి రంగుల గురించి అడగండి. వాన ముందు మబ్బు, వాన తర్వాత మట్టి, తేనెలో కొత్తదీ పాతదీ, అన్నీ అడగండి. ఆడవాళ్లను, మగవాళ్లను విడివిడిగా అడగండి. నేతపని చేసేవాళ్లకు, పశువుల వెంట తిరిగేవాళ్లకు ఒకే మాటలుండవు. ఒక మాటలో రంగుతో పాటు తడి, వయసు, రుచి కలిసి ఉంటే దాన్ని చీల్చి ఒక గడిలో కుక్కకండి. ఉన్నదున్నట్టు రాయండి. మన పుటకు మన గడులు మనమే గీసుకుందాం.

ఆ తర్వాతే కొత్త మాటల సంగతి. నిజంగా అవసరం ఉన్నచోట కూర్చండి. ఎలా కూర్చాలో తెలుగే చూపించింది. నారింజ పండు నుంచి నారింజ రంగు, గోధుమ గింజ నుంచి గోధుమరంగు, గులాబి పువ్వు నుంచి గులాబి రంగు, బూడిద నుంచి బూడిద రంగు వచ్చాయి. గోధుమ పండని చోట గోధుమరంగు అని అరువు తెచ్చుకోవడం కంటే, మన పిల్ల రోజూ చూసే కాయ, బెరడు, మట్టి పేరు మీద రంగు పేరు పెట్టుకోవడం మేలు. అరువు మాట తెచ్చుకున్నా సిగ్గు లేదు. తెలుగు నీలాన్ని సంస్కృతం నుంచి తెచ్చుకుంది, గులాబీని పారసీకం నుంచి తెచ్చుకుంది. దాన్నెవరూ తక్కువ భాష అనలేదు.

చివరికి ఒక పరీక్ష ఉంది. కూర్చిన మాటను ఊళ్లో పెద్దల ముందు, పిల్లల ముందు పలికి కొన్నాళ్లు ఆగండి. సంతలోనో చేను గట్టు మీదో ఎవరైనా దాన్ని తమ అవసరానికి వాడితే పుస్తకంలోకి ఎక్కించండి. ఎవరూ వాడకపోతే కొట్టేయండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఉండనివ్వండి. పిల్ల అడిగితే, ఆ గీత మనం గీసుకోలేదు, మనం వేరే చోట గీసుకున్నాం అని చెప్పి, ఆ చోటు చూపించండి.